బరువులెత్తే బెల్టుల వినియోగం – పాటించవలసిన జాగ్రత్తలు

ఓడరేవులు, నౌకా నిర్మాణ కేంద్రాలు, గ్రానైట్ పరిశ్రమలు, భవన నిర్మాణ స్థలాలలో క్రేనుతో బరువులెత్తేందుకు ఇనుప గొలుసులు, వైరు తాళ్లతో పాటు పాలియెస్టర్, నైలాన్ స్లింగులను కూడా విస్తృతంగా వినియోగిస్తున్న విషయం విదితమే. కార్మికులు బెల్టులుగా వ్యవహరించే ఈ సాధనాలు తేలికైనవి, మెత్తనివి. ఎత్తే వస్తువుపై గీతలు పడకుండా ఇవి కాపాడతాయి. అయితే ప్రమాదం సంభవించినప్పుడు "బెల్టు తెగింది" అన్న ఒక్క మాటతో విషయం ముగిసిపోరాదు. అది ఎందుకు తెగిందో తెలిసినప్పుడే మరొక కార్మికుని ప్రాణం నిలుస్తుంది.

లేబులే ఆధారం

ప్రతి బెల్టుకు దాని సామర్థ్యాన్ని తెలిపే లేబులు ఉంటుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1492 ప్రకారం ఊదా రంగు బెల్టు 1 టన్నుకు, ఆకుపచ్చ 2 టన్నులకు, పసుపు 3 టన్నులకు, ఎరుపు 5 టన్నులకు నిర్దేశితమైనవి. ఈ ప్రమాణం మేరకు తయారైన కొత్త బెల్టు ఈ పరిమితికి కనీసం ఏడు రెట్ల బలం కలిగి ఉండాలి. దీనిని అదనపు బరువు ఎత్తేందుకు లభించిన అనుమతిగా భావించడం ప్రమాదకరం. అరుగుదల, కుదుపుల వంటి వాటిని తట్టుకొనేందుకే ఆ ఏర్పాటు.

కోణం తగ్గితే భారం పెరుగుతుంది

లేబులుపై ఉన్న అంకె నిటారుగా ఎత్తినప్పుడు మాత్రమే వర్తిస్తుంది. ఉచ్చులా బిగించి ఎత్తితే సామర్థ్యం సుమారు 20 శాతం తగ్గుతుంది. రెండు టన్నుల బరువును రెండు నిటారు బెల్టులతో ఎత్తినప్పుడు ఒక్కొక్కదానిపై ఒక టన్ను భారం పడుతుంది. అవే బెల్టులు నేలకు సమాంతర రేఖతో 45 డిగ్రీల కోణంలో ఉంటే 1.41 టన్నులు, 30 డిగ్రీలకు వాలితే 2 టన్నుల చొప్పున భారం పడుతుంది. బరువు మారకపోయినా ప్రమాదం రెట్టింపవుతున్నదని దీనివలన స్పష్టమవుతున్నది.

పదునైన అంచులు, రసాయనాలు

ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ వంటి రాతి దిమ్మెలు, పలకలు, ఉక్కు దూలాల అంచులు బిగిసి ఉన్న బెల్టును క్షణాలలో కోసివేయగలవు. అంచుల వద్ద తగిన రక్షణ తొడుగులు తప్పనిసరి. గోనెపట్టా, పాతగుడ్డ వీటికి ప్రత్యామ్నాయం కావు. నైలాన్‌ను ఆమ్లాలు, పాలియెస్టర్‌ను గాఢ క్షారాలు దెబ్బతీస్తాయి. ఈ రెండు రకాలనూ 100 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడిలో వాడరాదు.

తనిఖీ, భద్రపరచుట

ప్రతి వాడకానికి ముందు బెల్టును పూర్తిగా పరిచి రెండువైపులా పరిశీలించాలి. కోతలు, కాలిన లేదా కరిగిన గుర్తులు, తెగిన కుట్లు, చెరిగిన లేబులు కనిపించినా, గుండ్రని స్లింగు తొడుగు చిరిగి లోపలి నూలు బయటపడినా వెంటనే వాడకం నిలిపివేయాలి. ముడివేసి పొడవు తగ్గించరాదు, తెగినచోట సొంతంగా కుట్టరాదు. పనికిరాదని నిర్ణయించిన బెల్టును ముక్కలుగా కోసి పారవేయాలి. లేనిపక్షంలో అది తెలియక మరొకరి చేతికి చేరగలదు. బరువు కింద నలిగిన బెల్టును బలవంతంగా లాగరాదు. తడిసిన బెల్టును నీడలో ఆరబెట్టి, ఎండ తగలని పొడిచోట వేలాడదీయాలి.

బరువెత్తే సాధనాలను కనీసం 12 నెలలకు ఒకసారి సమర్థుడైన వ్యక్తిచే క్షుణ్ణంగా పరీక్షింపజేసి రిజిస్టరులో నమోదు చేయాలని 2025 వరకు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ నిర్దేశించింది. ఏడాదికొకసారి జరిపే పరీక్ష ఏనాడూ రోజువారీ తనిఖీకి బదులు కాజాలదు.

కావున తనిఖీకి వెళ్లే అధికారులు, ప్రమాద వార్తను సేకరించే పాత్రికేయులు నాలుగు అంశాలను విచారించడం సముచితం: లేబులు ఉన్నదా, ఎత్తిన కోణమెంత, అంచులకు రక్షణ కల్పించారా, చివరిసారి ఎవరు ఎప్పుడు పరీక్షించారు? వీటికి సమాధానం లభించినప్పుడు నింద బెల్టుపైనే ఆగిపోదు, లోపం ఎక్కడ ఉన్నదో తేటతెల్లమవుతుంది.