డీ40, డీ3500: పన్నెండేళ్లలో కెమెరాలో ఏం మారింది?

నికాన్ కంపెనీ డీ40 కెమెరాను 2006 నవంబరులో ప్రకటించింది. డీ3500ను 2018 ఆగస్టులో ప్రకటించింది. మధ్యలో పన్నెండేళ్లు. రెండూ మొదటిసారి డీఎస్‌ఎల్‌ఆర్ పట్టుకునేవాళ్ల కోసం చేసినవే. సెన్సర్ సైజు దాదాపు ఒకటే, లెన్స్ బిగించే మౌంట్ ఒకటే, లోపలి అద్దాల మీదుగా దృశ్యాన్ని కంటికి చూపించే పద్ధతి కూడా ఒకటే. పోలికలు ఇన్ని ఉన్నాయి కాబట్టే వీటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రకటనల్లో ఊదరగొట్టే అంకెల్లో ఏది ఫొటోను నిజంగా మారుస్తుందో, ఏది మార్చదో అప్పుడు తేటతెల్లమవుతుంది.

డీ40 చాలా ఇళ్లలో బీరువాలో మూలన పడి ఉంది. డీ3500 ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే చేతికి వస్తోంది. పాతదాన్ని బయటికి తీయాలా, కొత్తదానికి డబ్బు పెట్టాలా అన్నది చాలామందికి ఉన్న అసలు ప్రశ్న.

ముందుగా అందరూ అడిగే మెగాపిక్సెల్స్ సంగతి. డీ40 ఫొటో 3008 అడ్డం, 2000 నిలువు పిక్సెల్స్, అంటే 6 మెగాపిక్సెల్స్. డీ3500 ఫొటో 6000 అడ్డం, 4000 నిలువు, అంటే 24. లెక్కకు నాలుగు రెట్లు. కానీ ప్రింటు వేసేటప్పుడు అడ్డం రెండింతలు, నిలువు రెండింతలు పెరుగుతుందంతే. అంగుళానికి 300 చుక్కల చొప్పున నాణ్యమైన ప్రింటు వేస్తే డీ40 ఫొటో 10 అంగుళాల అడ్డం వస్తుంది, డీ3500 ఫొటో 20 అంగుళాలు. ఫుల్ హెచ్‌డీ టీవీ తెరకు కావలసింది 2 మెగాపిక్సెల్స్ మాత్రమే. ఇంట్లో ఫ్రేమ్ కట్టించుకునే ఫొటోకూ, వాట్సాప్‌లో బంధువులకు పంపే ఫొటోకూ డీ40 నిక్షేపంగా సరిపోతుంది.

సరిపోనిది పెళ్లి ఆల్బమ్ దగ్గర. మన దగ్గర బాగా వాడుకలో ఉన్న 12, 36 అంగుళాల కొలత ఆల్బమ్‌లో రెండు పేజీలకూ కలిపి ఒకే ఫొటో పరవాలంటే డీ40 ఇచ్చేది అంగుళానికి 83 చుక్కలు. దగ్గరగా పెట్టుకుని చూస్తే చీర జరీ అలుక్కుపోయినట్టు కనబడుతుంది. డీ3500 అదే చోట 166 చుక్కలు ఇస్తుంది. చేత్తో పట్టుకుని చూసే దూరానికి అది చాలు.

పక్షుల ఫొటోలు తీసేవారికి ఇంకో లాభం ఉంది. డీ3500 ఫొటోలో మధ్య భాగాన్ని, అడ్డం సగం నిలువు సగం కత్తిరించుకున్నా 3000, 2000 పిక్సెల్స్ మిగులుతాయి. డీ40 పూర్తి ఫొటో అంతే కదా! నేలపట్టులో దూరంగా చెట్టు మీద వాలిన గూడబాతును తీయాల్సి వస్తే, డీ3500 మీద 200 మిల్లీమీటర్ల లెన్స్ చేసే పని డీ40 మీద 400 మిల్లీమీటర్ల లెన్స్ చేయాలి. ఆ రెండు లెన్స్‌ల ధరల మధ్య తేడా తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక వెలుతురు తక్కువైన చోట ఏమవుతుంది? పన్నెండేళ్ల మార్పంతా ఇక్కడే ఉంది. డీ40 సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ దాదాపు 8 మైక్రాన్ల వెడల్పు. డీ3500లో 4 మైక్రాన్లు కూడా ఉండదు. పెద్ద పిక్సెల్ ఎక్కువ వెలుతురు పడుతుంది కాబట్టి చీకట్లో పాతదే నయమని చాలామంది నమ్ముతారు. చూస్తే అలా జరగదు. ఫొటో మొత్తానికి చేరే వెలుతురు సెన్సర్ మొత్తం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, అది రెండింటికీ దాదాపు సమానమే. తేడా ఆ వెలుతురును లెక్కపెట్టే తీరులో వచ్చింది. డీ40లో ఉన్నది సీసీడీ సెన్సర్. అందులో ప్రతి పిక్సెల్ దగ్గర చేరిన విద్యుత్తు వరసగా జరుగుతూ జరుగుతూ అంచుకు చేరాకే కొలత పడుతుంది. ఊళ్లో బస్తాలన్నీ ఒక్క కాటా దగ్గరికే మోసుకొచ్చి హడావుడిగా తూచినట్టన్న మాట. డీ3500లోని సీమాస్ సెన్సర్‌లో ఏ కళ్లం దగ్గర ఆ కాటా ఉంటుంది: ప్రతి పిక్సెల్‌కూ తన సొంత ఆంప్లిఫయర్. కొలతలో దొర్లే తప్పు బాగా తగ్గింది. మనం నాయిస్ అని పిలిచే రంగు మచ్చల్లో కొంత భాగం ఆ తప్పే.

డీ40లో ఐఎస్‌ఓ 200 నుంచి 1600 దాకా, సాగదీస్తే 3200. డీ3500లో 100 నుంచి 25600 దాకా. చివరి అంకెల్ని నమ్మి ఏ కెమెరానూ కొనకూడదు. నా అంచనాలో డీ40 ఐఎస్‌ఓ 800 దాకా నిలబడుతుంది, డీ3500 3200 దాకా. వసారాలో నీడన కూర్చున్న తాతయ్య ముఖాన్ని కంప్యూటర్‌లో కాస్త వెలిగించి చూడండి. డీ40 ఫొటోలో గడ్డం కింద ఊదా, ఆకుపచ్చ చుక్కలు లేస్తాయి. డీ3500లో అక్కడ ముడతలు కనబడతాయి.

అయితే ఇక్కడే లెన్స్ లెక్క కూడా చూడాలి. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్ 35 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/4.5 కంటే ఎక్కువ తెరుచుకోదు. 2009లో వచ్చిన నికాన్ 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 డీఎక్స్ లెన్స్ అదే చోట ఆరు రెట్లకు పైగా వెలుతురు లోపలికి వదులుతుంది. ట్యూబులైట్ల కింద పిల్లాడు పుట్టినరోజు కేకు కోస్తున్నాడనుకుందాం. వాడి చేయి కదిలినా స్పష్టంగా రావాలంటే షట్టర్ స్పీడు కనీసం 1/125 ఉండాలి. ఆ స్పీడుకు కిట్ లెన్స్‌తో డీ3500కు ఐఎస్‌ఓ 5000 కావాల్సిన చోట, ఈ లెన్స్ తగిలించిన డీ40కి 800 చాలు. అంటే పన్నెండేళ్ల సెన్సర్ ప్రగతిని ఒక్క మంచి లెన్స్ దాదాపుగా పూడ్చేస్తుంది. కిట్ లెన్స్‌లో ఉన్న వీఆర్ చేతి వణుకును సరిచేస్తుంది గానీ కదిలే పిల్లాడిని ఆపలేదు. ఇదే లెన్స్ డీ3500కూ పెట్టవచ్చు కదా అంటే పెట్టవచ్చు, అప్పుడు మళ్లీ కొత్తదే ముందుంటుంది. కానీ చేతిలో డబ్బు ఒక్కదానికే ఉన్నప్పుడు ఏది ముందు కొనాలో ఈ లెక్క చెబుతుంది.

పాతది కొత్తదాన్ని ఓడించే చోటు కూడా ఒకటుంది. మిట్ట మధ్యాహ్నం గుడి ముందు గ్రూప్ ఫొటో, సూర్యుడు వెనకుంటే ముఖాలు నల్లబడతాయి. కెమెరాలోని చిన్న ఫ్లాష్‌తో ముఖాలు వెలిగించాలి. ఫ్లాష్ వాడినప్పుడు డీ40 షట్టర్ 1/500 దాకా పోగలదు. ఎక్స్‌పోజర్‌ను మొదలుపెట్టి ఆపే పనిని ఆ సీసీడీ సెన్సర్ తనే విద్యుత్తుతో చేసుకోగలదు. డీ3500 ఆ పనికి పూర్తిగా షట్టర్ తెరల మీదే ఆధారపడుతుంది, ఆ తెరలు సెన్సర్ మొత్తాన్ని ఒకేసారి తెరిచి ఉంచే స్పీడు 1/200 వరకే. దానికి తోడు కొత్తదాంట్లో ఫ్లాష్ కూడా బలహీనం: ఐఎస్‌ఓ 100 దగ్గర డీ40 ఫ్లాష్ గైడ్ నంబరు సుమారు 12, డీ3500ది 7. గైడ్ నంబరును ఎఫ్ నంబరుతో భాగిస్తే ఫ్లాష్ పూర్తిగా వెలిగించే దూరం మీటర్లలో వస్తుంది. నడి ఎండలో డీ40ని ఐఎస్‌ఓ 200, 1/500, ఎఫ్/10 దగ్గర పెడితే ఆ దూరం 1.7 మీటర్లు (ఐఎస్‌ఓ పెరిగితే గైడ్ నంబరు కూడా పెరుగుతుంది). డీ3500ను ఐఎస్‌ఓ 100, 1/200, ఎఫ్/11 దగ్గర పెడితే మీటరులో మూడింట రెండు వంతులు కూడా రాదు. నీడను కాస్త తేలికచేయడానికి పూర్తి ఫ్లాష్ అక్కర్లేదు కాబట్టి రెండూ ఇంకొంచెం దూరం పనిచేస్తాయి, కానీ వాటి మధ్య తేడా మాత్రం అలాగే ఉంటుంది.

మిగతావి ఒక్క గుక్కలో చెప్పుకోవచ్చు. డీ40కి మూడు ఫోకస్ పాయింట్లు, డీ3500కు పదకొండు. సెకనుకు రెండున్నర ఫొటోలు, ఐదు ఫొటోలు. ఒక చార్జింగ్‌తో డీ40 సుమారు 470 ఫొటోలు తీస్తే డీ3500 1550 తీస్తుంది. పెళ్లి రోజంతా బ్యాటరీ గురించి ఆలోచించనక్కర్లేదు. బాడీ బరువు 475 గ్రాముల నుంచి 365కు దిగింది. డీ40లో వీడియో అసలు లేదు, తెర మీద చూస్తూ తీసే సౌకర్యమూ లేదు. డీ3500లో ఫుల్ హెచ్‌డీ వీడియో ఉంది, బ్లూటూత్‌తో ఫోనుకు ఫొటోలు వెళ్తాయి, కానీ బయటి మైకు పెట్టుకునే రంధ్రం లేదు. యూట్యూబ్ చానల్ పెట్టాలనుకునేవారు ఈ ఒక్క కారణంతో దాన్ని పక్కన పెట్టాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవారు మోసపోయేది ఎక్కువగా లెన్స్ దగ్గర. డీ3500తో వచ్చే ఏఎఫ్-పీ లెన్స్ డీ40 మీద బిగుస్తుంది గానీ ఫోకస్ కాదు. ఆ లెన్స్‌లో చేత్తో రింగు తిప్పినా లోపలి మోటారే కదిలించాలి, ఆ మోటారును నడిపే విద్య డీ40కి తెలియదు. అలాగే చవకగా దొరికే పాత 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8డీ లెన్స్‌కు రెండు కెమెరాల మీదా ఆటోఫోకస్ రాదు, ఎందుకంటే రెండింటి బాడీలోనూ ఫోకస్ మోటారు లేదు. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని రాసి ఉందో లేదో చూసుకోండి. డీ40 కార్డులు ఎస్‌డీహెచ్‌సీ దాకానే, అంటే 32 జీబీకి మించవద్దు. సెన్సర్ తనంతట తాను దుమ్ము దులుపుకునే ఏర్పాటు రెండింటిలోనూ లేదు. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడను ఒక ఫొటో తీస్తే దుమ్ముంటే నల్ల చుక్కలుగా కనబడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో వాడిన లెన్స్ అయితే టార్చి వేసి లోపల బూజు పట్టిందేమో తప్పకుండా చూడాలి. బూజు పట్టిన లెన్స్‌ను ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.

2018 ఆగస్టులో డీ3500 రావడానికి వారం ముందే నికాన్ తన జెడ్ మిర్రర్‌లెస్ కెమెరాలను ప్రకటించింది. డీ3500 తర్వాత ఆ వరసలో ఇంకో కెమెరా రాలేదు. కాబట్టి ఈ రెంటిలో ఏది కొన్నా కొత్త మోడల్ కోసం ఎదురుచూసే పని లేదు.

ఇంట్లో డీ40 ఉంటే అమ్మకండి, ముందు ఆ 35 మిల్లీమీటర్ల లెన్స్ కొని ఏడాది పాటు తీయండి. ఇంట్లో ఏదీ లేక కొత్తగా నేర్చుకోవాలనుకుంటే డీ3500 వెతుక్కోండి, డీ40 కోసం ఇవాళ డబ్బు పెట్టనక్కర్లేదు. డబ్బు చెల్లించే ముందు మీ కార్డు వేసి, దుకాణంలో చీకటిగా ఉన్న మూలలో ఐఎస్‌ఓ 1600 దగ్గర నాలుగు ఫొటోలు తీసి, ఇంటికి తెచ్చి కంప్యూటర్‌లో చూసుకున్నాకే నిర్ణయించుకోండి.