నావయే యిల్లు

స్వర్ణముఖిలో నీరు వచ్చిన దినమున పిల్లలను గడప దాటనీయని మేము, మన తెలుగు పడుచులు కడలిమీదనే కాపురముండిరని చదివి విస్తుపోతిమి.

2017 సెప్టెంబరు 10వ తేదీని గోవానుండి వెడలిన 'తారిణి' 56 అడుగుల తెరచాప నావ. అందు నౌకాదళ వనిత లార్గురు. నాయకురాలు వర్తికా జోషి. వారిలో స్వాతి విశాఖపట్టణమునది, ఐశ్వర్య హైదరాబాదుది. నావ యొరుగుచుండగనే వంతులవారిగా చుక్కాని పట్టిరి, వండుకొనిరి. కేప్ హార్న్ చుట్టి, భూప్రదక్షిణము గావించి, 2018 మే 21న మరల గోవా చేరిరి. నడుమ నేల త్రొక్కినది కొలది రేవులలోనే.

ఇది వినిపింపగా మా యమ్మాయి, "నేనును పోవచ్చునా?" యని యడిగినది. "ఆడపిల్లవు" అను మాట నాలుకపైకి వచ్చినది; మ్రింగితిమి.

"మొదట ఈత నేర్చుకొనుము" అంటిమి.