పడవ వెనుక అల: స్లాలమ్ స్కీయింగ్

ఐనవిల్లి మండలంలోని ముక్తేశ్వరం రేవులో పడవ కోటిపల్లి వైపు సాగేటప్పుడు, వెనుక విచ్చుకునే అలను మీరు గమనించే ఉంటారు. దీనినే ‘వేక్’ అంటారు.

వేక్‌బోర్డు ఆటగాడు గాలిలోకి లేవడానికి ఎత్తైన అల కావాలి. అందుకే పడవ ట్యాంకుల్లో నీరు నింపి బరువు పెంచుతారు. స్లాలమ్‌లో దీనికి భిన్నం. ఒకే స్కీపై నిలిచి, అలను అడ్డంగా దాటుతూ, నీటిపై తేలే ఆరు బోయాలను చుట్టిరావాలి. అల ఎత్తుగా ఉంటే ఆటగాడు పట్టు తప్పి పడే ప్రమాదముంది.

క్రాసోవర్ పడవ రెండింటికీ పనికొస్తుంది. అయితే స్లాలమ్‌కు ముందు ట్యాంకులు ఖాళీ చేయాలి. తేలికైన పడవ వేగం పుంజుకొని నీటిపైకి లేస్తుంది, అల చదునవుతుంది. పురుషుల పోటీల్లో గరిష్ఠ వేగం గంటకు 58 కిలోమీటర్లు.

ట్యాంకులు నిండి ఉండగా స్లాలమ్‌కు ఎందుకు దిగరాదో మీ మాటల్లో రాసి చూడండి.