దారిని చదివిన సారథి

మోటారు పందెమనగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది వేగం. కాని వేగానికి ముందు జరుగవలసిన సాధన ఒకటి ఉన్నది. ఆ సాధన ఎట్టిదో ఆచరించి చూపిన తొలితరం సారథులలో చెక్ వనిత ఎలిష్కా యున్కోవా ముఖ్యురాలు.

ఎలిష్కా 1900 నవంబరు 16న ఒలోమౌట్స్ నగరంలో ఒక కమ్మరి ఇంట జన్మించింది. ఆ నగరం అప్పుడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. 1918లో చెకొస్లొవేకియా ఏర్పడిన తరువాత ఆ దేశంలో భాగమైంది. పదహారేళ్ళ ప్రాయంలోనే ఆమె బ్యాంకు ఉద్యోగంలో చేరింది. అక్కడ పరిచయమైన చెనెక్ యునెక్‌ను 1922లో వివాహమాడింది. చెక్ భాషలో స్త్రీల ఇంటిపేర్ల రూపం మారుతుంది కనుక యునెక్ భార్య యున్కోవా అయినది.

చెనెక్‌కు మోటారు పందెములంటే మిక్కిలి మక్కువ. అయితే మొదటి ప్రపంచ యుద్ధంలో అతని చేతికి గాయమైంది. ఆనాటి కార్లలో గేరు మార్చడానికి చేతిబలం ఎంతో అవసరం. పందెంలో సారథి పక్కన మెకానిక్ కూర్చొనే పద్ధతి కూడా అప్పుడు ఉండేది. ఎలిష్కా ఆ స్థానంలో కూర్చొని భర్తకు తోడ్పడింది. క్రమంగా యంత్రపు పోకడ తెలుసుకొని, కారు నడపడం నేర్చి, తానే సారథి అయినది. 1924లో లోఖోతీన్-త్రెమోష్నా కొండదారి పందెంలో తన తరగతిలో ప్రథమ స్థానం పొందింది. ఎత్తుదారిని అతి తక్కువ కాలంలో ఎక్కినవారే అట్టి పందెంలో విజేతలు.

1927లో ఆమె ఇటలీలోని సిసిలీ ద్వీపంలో జరిగే టార్గా ఫ్లోరియో పందెంలో పాల్గొన్నది. అక్కడ ఒక చుట్టు 108 కిలోమీటర్లు. అట్టివి అయిదు చుట్లు తిరగాలి. కొండల నడుమ, పల్లెల మీదుగా సాగే ఆ కఠినమైన దారి నిండా మలుపులే. స్టీరింగు దెబ్బతినడంతో ఆమె పందెం మధ్యలోనే ఆగిపోవలసి వచ్చింది.

ఆమె నిరాశ చెందలేదు. పొట్టిగా, సన్నగా ఉండే తాను బలంతో పురుషులను మించడం సాధ్యం కాదని గ్రహించింది. మరుసటి యేడు ముందుగానే సిసిలీ చేరి, ఆ దారిని శ్రద్ధగా పరిశీలించింది. నడిచి చూచింది, కారులో తిరిగి చూచింది, మలుపులకు గుర్తులు ఏర్పరచుకొన్నది. మలుపు ఆవల ఏమున్నదో తెలిసిన సారథి ఎక్కడ బ్రేకు వేయాలో, ఎప్పుడు గేరు మార్చాలో ముందే నిర్ణయించుకోగలడు. తెలియనివాడు చివరి క్షణంలో చక్రంతో పెనుగులాడవలసి వస్తుంది. ఆ విధంగా జ్ఞాపకశక్తి ఆమెకు భుజబలం లోటును తీర్చింది.

1928 మే 6న పందెం జరిగింది. మొదటి చుట్టు ముగిసేసరికి బుగాట్టి కారులో ఉన్న ఎలిష్కా నాలుగవ స్థానంలో నిలిచింది. రెండవ చుట్టు పూర్తయ్యేసరికి మేటి సారథులందరినీ దాటి ప్రథమ స్థానానికి చేరింది! కాని చివరి చుట్టులో కారుకు కలిగిన ఇబ్బందుల వలన వెనుకబడి అయిదవ స్థానంతో తృప్తి చెందవలసి వచ్చింది. ఫ్రెంచి సారథి ఆల్బర్ట్ దివో విజేత అయినాడు.

ఆ తరువాత రెండు నెలలు గడచినవి. జూలై 15న జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌లో జరిగిన పందెంలో చెనెక్ ప్రమాదానికి గురై మరణించినాడు. ఎలిష్కా పందెములకు స్వస్తి చెప్పి, పందెపు కార్లను అమ్మివేసింది. అప్పటికి ఆమె వయస్సు ఇరువది యేడేళ్ళు మాత్రమే. అటుపిమ్మట దీర్ఘకాలం జీవించి 1994లో కన్నుమూసింది.

టార్గా ఫ్లోరియో విజేతల పట్టికలో ఆమె పేరు లేదు. అయినను పందెమునకు ముందు దారిని నడిచి చూచే అలవాటు నేటి సారథులలోనూ కనిపిస్తుంది. బలం చాలని చోట పరిశీలన తోడ్పడుతుందని ఆమె జీవితం తెలుపుతున్నది.