భువనగిరి కొండకు ఒక రోజు

చలికాలం రాగానే హైదరాబాదు కుటుంబాలు ఒక ఆదివారమైనా నగరం వెలుపల గడపాలని కోరుకుంటాయి. ఆ విహారం చాలా ఇళ్ళలో ఎలా సాగుతుందో మనకు తెలియనిది కాదు. ఇల్లాలు ఫజ్ర్‌కు ముందే లేచి బిర్యానీ దేగ్చీ పొయ్యి మీద పెడుతుంది. తీరా అక్కడికి చేరాక పురుషులు, పిల్లలు కొండ ఎక్కుతారు. ఆమె కింద చెట్టునీడన గిన్నెలకు కాపలా కూర్చుంటుంది. దైవప్రవక్త (స) ప్రయాణంలో తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. ఆ సున్నత్ మన విహారాల్లో ఎందుకు కానరాదు?

భువనగిరి కోటకు వెళ్ళదలచిన వారికి మేము చెప్పేది ఒక్కటే: భోజనం తేలిక చేయండి, ఆమెను కూడా పైకి తీసుకెళ్ళండి. ముందురోజు రాత్రి చేసుకున్న రొట్టెలు, ఉడికించిన గుడ్లు, కాస్త పచ్చడి చాలు. దిగివచ్చాక ఊళ్ళో వేడి ఇడ్లీలు, మిరపకాయ బజ్జీలు, చాయ్ ఉండనే ఉన్నాయి. జబహ్ విషయంలో అనుమానముంటే ఒక పూట మాంసం లేకపోయినా నష్టం లేదు.

హైదరాబాదు నుండి వరంగల్లు మార్గంలో అది సుమారు 50 కిలోమీటర్లు. సికింద్రాబాదు నుండి రైలు కూడా ఉన్నది. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని కాలంనాటిదని చెప్పే ఆ కోట ఒకే పెద్ద బండపై నిలిచింది. బండ నున్నగా ఉంటుంది, నీడ తక్కువ. కనుక ఎండ ముదరకముందే ఎక్కాలి. పట్టున్న బూట్లు, కాలికి అడ్డుపడని బురఖా అవసరం. ఎక్కేటప్పుడు అల్లాహు అక్బర్, దిగేటప్పుడు సుబ్‌హానల్లాహ్ అనటం సహాబాల అలవాటని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. "ఇంకెన్ని మెట్లు?" అని విసిగించే పిల్లలకు ఇది నేర్పండి.

రానుపోను 100 కిలోమీటర్లు అవుతుంది కదా, నమాజు ఖసర్ చేయవచ్చునా అని కొందరు అడుగుతారు. హనఫీ ఫిఖహ్‌లో రాకను కలిపి లెక్కించరు. ఒకవైపు దూరమే సుమారు 77 కిలోమీటర్లు ఉండాలి. కనుక జుహర్ నాలుగు రకాతులూ పూర్తిగా చేయాలి. చలికాలంలో ఆ వేళ పన్నెండున్నరలోపే ప్రారంభమవుతుంది; అప్పటికి కిందికి దిగి ఉంటే మేలు. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరుకన్నా తక్కువతో, వుజూ చేసేవారు. మనిషికొక సీసా వుజూకు, మరొకటి తాగటానికి ఉంచుకోండి. ఆ సీసాలు, తిరిగి తేవలసిన చెత్తసంచి ఎవరు మోయాలో మగవారు ఇంటి దగ్గరే తేల్చుకోవాలి.