లంకకు ఏ నెలలో... ఏ తీరానికి?

శ్రీలంక వెళ్లడానికి మంచి కాలం ఏది? టికెట్లు బుక్‌ చేసే ఏజెంటు దగ్గర్నుంచి ఇదివరకే వెళ్లొచ్చిన బంధువుల దాకా అందరూ చెప్పే జవాబు ఒకటే... డిసెంబరు నుంచి మార్చి. అది నిజమే కానీ సగమే నిజం. మంచు కురిసే దేశాల నుంచి చలికాలంలో ఎండను వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. పిల్లలకు బడి సెలవులిస్తే తప్ప కదలలేని తెలుగు కుటుంబాలకు ఆ మాట పట్టుకుంటే కుదరదు.

మరి వేసవి సెలవుల్లో వెళ్లకూడదా? నిక్షేపంగా వెళ్లొచ్చు. ఆ నెలలో ఏ తీరం పొడిగా ఉంటుందో తెలిస్తే చాలు. తెలియకపోతే మాత్రం... ఏడాదంతా కూడబెట్టిన డబ్బు ఖర్చుపెట్టి, హోటల్‌ కిటికీలోంచి వాన చూసి రావాల్సివస్తుంది!

చిన్న దీవి... రెండు వానాకాలాలు

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. ఇంత చిన్న దేశంలో ఒకవైపు జోరువాన కురుస్తుంటే మరోవైపు ఎండ కాస్తుంటుంది. కారణం దీవి మధ్యలో ఉన్న కొండలు. వాటిలో ఎత్తయిన పిదురుతలాగల శిఖరం 2,524 మీటర్లు ఉంటుంది.

మే నెలలో నైరుతి రుతుపవనాలు వచ్చి ఈ కొండలకు తగులుతాయి. మోసుకొచ్చిన నీళ్లన్నీ కొలంబో, గాలే, రత్నపుర వైపే కుమ్మరించేస్తాయి. కొండలు దాటి తూర్పున దిగేసరికి మిగిలేది పొడిగాలే. పడమటి కనుమల అవతల వానలు దంచికొడుతుంటే ఇవతల అనంతపురం ఆకాశం వంక చూస్తూ ఉంటుందే, అచ్చంగా అలాగే. సెప్టెంబరు దాకా ఇదే వరస. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి తిరగబడుతుంది. నెల్లూరు వాళ్లకు బాగా తెలిసిన ఈశాన్య రుతుపవనాలు ఈసారి ట్రింకోమలీ, బట్టికలోవా ఉన్న తూర్పు తీరాన్ని తడుపుతాయి. అప్పుడు దక్షిణ, పశ్చిమ తీరాలు తెరిపిన పడతాయి.

ఈ రెంటికీ మధ్య వచ్చే మార్చి-ఏప్రిల్‌, అక్టోబరు-నవంబరు నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు పడుతుంటాయి. వీటిలో రెండోదే కాస్త ఇబ్బంది. ఆ రెండు నెలల్లో దీవి మొత్తం తడుస్తుంది. బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలం కూడా అదే.

వేసవి సెలవులైతే... తూర్పు

తెలుగు రాష్ట్రాల్లో బడులకు ఏప్రిల్‌ ఆఖరు నుంచి జూన్‌ రెండోవారం దాకా సెలవులు. ఆ రోజుల్లో చూడాల్సింది తూర్పు తీరాన్ని. ట్రింకోమలీ దగ్గరి నిలావెలి, ఇంకాస్త దిగువన పాసికుడా బీచ్‌లలో సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. పాసికుడాలో చాలా దూరం నడిచినా నీళ్లు లోతుండవు కాబట్టి పిల్లలతో వెళ్లేవాళ్లకు అనువు. మే నుంచి ఆగస్టు దాకా ట్రింకోమలీ తీరంలో తిమింగిలాలూ కనిపిస్తాయి.

తెలుగువాళ్లకు ఆ ఊరితో ఇంకో అనుబంధం ఉంది. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటగా చెప్పుకునే శాంకరీదేవి కొలువైంది ట్రింకోమలీలోనే అని నమ్మకం. సముద్రానికి ఆనుకుని నిలువుగా లేచిన కొండమీద కోణేశ్వరాలయం ఉంటుంది. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు కూల్చేశారు. ఇప్పుడున్నది తర్వాత కట్టింది.

సిగిరియా, అనురాధపురం, పొలొన్నరువ కూడా ఈ పొడి భాగంలోనివే. కాకపోతే ఎండ మన ఎండలాగే మాడ్చేస్తుంది. సిగిరియా బండ ఎక్కాలంటే దాదాపు 1,200 మెట్లు. పొద్దున్నే గేటు తెరవగానే మొదలుపెడితే ఎండ ముదిరేలోగా దిగిపోవచ్చు.

మే మూడోవారం తర్వాత కొలంబో, గాలే, మిరిస్సాల్లోనే సెలవులన్నీ గడుపుదామనుకుంటే మాత్రం ఆలోచించుకోవాలి. సముద్రం పోటుమీద ఉంటుంది. అలలు కనిపించినంత చిన్నవి కావు, ఈతకు దిగడం ప్రాణాలకే ప్రమాదం. 2017 మేలో దక్షిణ, పశ్చిమ జిల్లాల్లో వచ్చిన వరదలు, విరిగిపడ్డ కొండచరియలు 200 మందికి పైగా ప్రాణాలు తీశాయి.

దసరాకైతే... ఏనుగులు

దసరా సెలవులు సెప్టెంబరు చివరో అక్టోబరు మొదట్లోనో వస్తాయి. పెద్దవానలు ఇంకా మొదలుకాని ఆ రోజుల్లో మిన్నేరియా వైపు వెళ్లొచ్చు. మహాసేనుడనే రాజు మూడో శతాబ్దంలో తవ్వించిన చెరువది. ఎండలకు నీళ్లు వెనక్కి తగ్గుతాయి, ఆ మేర పచ్చగడ్డి మొలుస్తుంది. దానికోసం చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులు పిల్లాపాపలతో దిగుతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఈ సందడి ఎక్కువ. చిరుతపులులకు పేరుపడ్డ యాల అడవిలో మాత్రం కొంత భాగాన్ని సాధారణంగా సెప్టెంబరు మొదలు అక్టోబరు మధ్యదాకా మూసేస్తారు. ముందే కనుక్కోవాలి.

దసరా ఆలస్యమై, ప్రయాణం అక్టోబరు మధ్యకు జరిగిందంటే జాగ్రత్తపడాలి. 2023 అక్టోబరులో నాగపట్టణం నుంచి జాఫ్నా దగ్గరి కంకేసంతురైకి అట్టహాసంగా మొదలైన నౌక కొద్దిరోజులకే ఈశాన్య రుతుపవనాల వల్ల ఆగిపోయింది. మళ్లీ కదిలింది 2024 ఆగస్టులోనే! 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుపాను మరీ ఘోరం. వరదలకూ, కొండచరియలకూ 600 మందికి పైగా బలయ్యారు. అందమైన ప్రయాణమని అందరూ చెప్పుకునే కొండ రైలుమార్గం దెబ్బతింది. ఆ రైలు కోసమే వెళ్లాలనుకునేవాళ్లు ఏ మేరకు నడుస్తోందో చూసుకుని టికెట్లు కొనడం మంచిది.

సంక్రాంతికైతే... దక్షిణం, కొండలు

అందరూ చెప్పే ‘మంచి కాలం’ సంక్రాంతి సెలవులకే కలిసొస్తుంది. అప్పుడు గాలే కోట గోడలమీద తీరిగ్గా నడవొచ్చు. మిరిస్సా నుంచి పడవలో వెళ్లి నీలి తిమింగిలాలను చూడొచ్చు. నువర ఎలియా కొండల్లో స్వెటర్‌ తప్పనిసరి.

2,243 మీటర్ల ఎత్తున్న శ్రీపాద శిఖరం ఎక్కే కాలమూ ఇదే. పైనున్న పాదముద్ర బుద్ధుడిదని బౌద్ధులు, శివుడిదని హిందువులు, ఆదాముదని ముస్లింలు, క్రైస్తవులు నమ్ముతారు. యాత్ర డిసెంబరు పున్నమితో మొదలై మేలో వచ్చే వెసాక్‌ పున్నమితో ముగుస్తుంది. ఆ ఆరునెలలూ మెట్లదారి పొడవునా దీపాలు, టీకొట్లు ఉంటాయి. మిగతా రోజుల్లో చీకటి, వాన, జలగలు! వేలకొద్దీ మెట్లు, అదీ అర్ధరాత్రి దాటాక ఎక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బలవంతపెట్టకూడదు.

ఒక్కటే చిక్కు. విదేశీయులు పోటెత్తేదీ అప్పుడే కాబట్టి దక్షిణ తీరంలో గదుల అద్దెలు బాగా పెరుగుతాయి.

బడి గంటతో పనిలేనివాళ్లు

రిటైరైన దంపతులకైతే జులై, ఆగస్టు అనువైన నెలలు. క్యాండీలో బుద్ధుడి దంతధాతువు ఉన్న ఆలయం నుంచి అలంకరించిన ఏనుగులతో సాగే ఎసల పెరహెర, జాఫ్నాలో పాతిక రోజులపాటు జరిగే నల్లూరు కందస్వామి ఉత్సవాలు సాధారణంగా ఈ రెండు నెలల్లోనే వస్తాయి. తిథుల ప్రకారం జరుగుతాయి కాబట్టి తేదీలు ఏటా మారతాయి. టీ రుచి తెలిసినవాళ్లకు ఇంకో సంగతి. ఊవా తోటల్లో మేలైన ఆకు దొరికేది జులై-సెప్టెంబరుల్లో, డింబుల తోటల్లో జనవరి-మార్చి మధ్య. కొండకు అటూ ఇటూ మారే గాలి టీకప్పులోకీ చేరుతుందన్నమాట!

క్యాలెండర్‌లో ఇవీ చూడాలి

* ప్రతి పున్నమీ అక్కడ ‘పోయ’ సెలవు. మాంసం, మద్యం అమ్మరు. బౌద్ధాలయాలు కిటకిటలాడతాయి.

* ఏప్రిల్‌ 13, 14 తేదీలు సింహళ, తమిళ ఉగాది. దుకాణాలు మూసేసి అంతా సొంతూళ్లకు వెళ్తారు. బస్సుల్లో, రైళ్లలో చోటు దొరకదు. నువర ఎలియాలో ఆ నెలంతా జనమే.

* మేలో వెసాక్‌కు వీధులన్నీ కాగితపు దీపాలతో మెరిసిపోతాయి. ఉచితంగా భోజనాలు పెడతారు. ఆ రోజులు కలిసొస్తే పిల్లలకు చూపించాల్సిందే.

* కొండప్రాంతానికి బయల్దేరే ముందు అక్కడి వాతావరణశాఖ హెచ్చరికలు చూసుకోవాలి.

చెన్నై నుంచి కొలంబోకి విమానంలో గంటన్నరకు అటూ ఇటూగా పడుతుంది. ఇంత దగ్గర కాబట్టి ఒకే విడతలో దీవినంతా చుట్టేసి రావాలన్న ఆరాటం అక్కర్లేదు. సెలవులు ఎప్పుడో ముందు చూసుకుని, ఆ నెలలో ఎండ కాసే వైపే ఈసారి వెళ్తే సరి. రెండో తీరం ఇంకో సెలవులకు ఉండనే ఉంది!