ఈ డబ్బా ఎవరు పెట్టారు తాతయ్యా?

సెకండ్ హ్యాండ్ కారు కొన్నావు, సంతోషం అమ్మడూ. స్టీరింగు కింద వేలాడుతున్న ఆ నల్ల డబ్బా ఏమిటనేగా నీ ప్రశ్న? కంపెనీ ఇచ్చిన బుక్కులో దాని ఊసు లేదంటే, పాత ఓనరు ఎవరో బయట షాపులో పెట్టించి ఉంటారు. పనికిమాలినదని వైరు కోసెయ్యకు. కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో పట్టుకో. దాని పనేమిటో అదే బయటపడుతుంది.

ముందు కంపెనీ వైరింగు ఏది, బయటి వైరింగు ఏది అన్నది చూడు. కంపెనీ వైర్లు కట్టగా, గొట్టంలోనో బట్ట టేపులోనో బిగించి ఉంటాయి. జాయింట్ల దగ్గర క్లిక్కుమని పడే కనెక్టర్లు ఉంటాయి. బయట వేసినవాళ్లు సాధారణంగా మధ్యలో వైరు గీకి, మెలిపెట్టి, ఇన్సులేషన్ టేపు చుట్టేస్తారు. మన ఎండలకు ఆ టేపు జిగురు కారి ఊడిపోతుంది. అలాంటి జాయింటు ఎక్కడ కనిపిస్తే అక్కడి నుంచే వెతుకులాట మొదలుపెట్టు.

అంగుళం పైచిలుకు చదరంగా, కింద నాలుగైదు పిన్నులతో ఉంటే అది రిలే. పొలంలో మోటారు స్టార్టరు ఉంది చూడు, చిన్న బటన్ నొక్కితే పెద్ద మోటారు తిరుగుతుంది, ఇక్కడా అదే పని. లోపల తీగచుట్ట ఉంటుంది. అందులో పావు ఆంపియరు కూడా పారనక్కర్లేదు, అయస్కాంతమైపోయి లోపలి రేకును లాగుతుంది. ఆ రేకు మీదుగా 30 ఆంపియర్లయినా పోవచ్చు.

పిన్నుల పక్కన అంకెలుంటాయి, చదువు. అవి డిన్ 72552 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం వేసినవి. 85, 86 తీగచుట్ట రెండు కొసలు. 30 బ్యాటరీ నుంచి వచ్చేది. 87 పనిచేయాల్సిన వస్తువుకు పోయేది. 86కు వచ్చే వైరు హెడ్‌లైట్ సాకెట్టు నుంచి, 87 నుంచి పోయేది బల్బులకు అయితే, ఎవరో ఎక్కువ వాట్ల బల్బులు వేశారన్నమాట. మామూలు హెచ్4 బల్బు లో బీమ్‌కు 55 వాట్లు, హై బీమ్‌కు 60 వాట్లు. 12 వోల్టుల దగ్గర 60 వాట్లంటే 5 ఆంపియర్లు, 100 వాట్లంటే 8.3. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, కరెంటు ఒకటిన్నర రెట్లు దాటేసరికి వేడి 2.8 రెట్లవుతుంది. పాత వైరు కరిగిపోకుండా ఆ భారాన్ని మోస్తున్నది ఈ రిలేనే. దాన్ని పీకి ఆ బల్బుల్ని అలాగే ఉంచితే వైరింగు కాలుతుంది.

ఇంకో అంకె ఉంది, 87ఎ. రిలే పనిచేయనప్పుడు 30కి కలిసి ఉండేది అదే. ఇగ్నిషన్ వైరుకో ఫ్యూయల్ పంపు వైరుకో మధ్యలో అలాంటి రిలే కనిపిస్తే, దొంగతనం జరగకుండా పెట్టించిన అలారం తాలూకుది అనుకోవచ్చు. దాన్ని కోస్తే కారు స్టార్టు కాదు.

ఇక టెస్ట్ ల్యాంపు తీసుకో. క్లిప్పు బాడీ ఇనుముకు పెట్టి, ముల్లు వైరుకు తాకించు. తాళంచెవి తీసేసినా వెలిగితే నేరుగా బ్యాటరీ నుంచి వస్తోంది. తాళం తిప్పితేనే వెలిగితే ఇగ్నిషన్ నుంచి. ఇంజను కంప్యూటరు వైర్ల దగ్గర మాత్రం ల్యాంపు వద్దు, మల్టీమీటరే వాడాలి. పసుపు రంగు కనెక్టర్లున్న ఎయిర్‌బ్యాగు వైర్ల జోలికి అసలే వెళ్లొద్దు. ల్యాంపు నుంచి పోయే కరెంటుకే బ్యాగు పేలే ప్రమాదం ఉంది.

బండి నాలుగు రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోతోందా? నెగెటివ్ టెర్మినల్ విప్పి, మధ్యలో మల్టీమీటరును 10 ఆంపియర్ల మీద పెట్టు. అలా ఉండగా ఇంజను స్టార్టు చెయ్యకు. అరగంట ఆగాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు చూపిస్తే మంచిదే. 45 ఆంపియర్-అవర్ బ్యాటరీ లెక్కకు 37 రోజులు వస్తుంది. అర ఆంపియరు లాగుతుంటే 90 గంటల్లోనే ఖాళీ. ఒక్కొక్క ఫ్యూజే తీస్తూ పో. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో, కరెంటు తాగేది ఆ దారిలోనే ఉంది. ఏ ఫ్యూజుకూ అంకె దిగకపోతే, బ్యాటరీ దగ్గర నేరుగా తగిలించిన వైరును చూడు.

డిక్కీలో గ్యాసు సిలిండరు ఉంటే ఇలాంటి పరీక్షలు నువ్వు చెయ్యొద్దు. సీఎన్‌జీ సిలిండరులో 200 బార్ల ఒత్తిడి ఉంటుంది. ఆర్‌సీలో ఆ కిట్టు నమోదైందో లేదో, మూడేళ్లకోసారి చేయాల్సిన హైడ్రో టెస్టు తేదీ దాటిందో లేదో చూసి, తెలిసిన వర్క్‌షాపుకు తీసుకెళ్లు.

అసలు ఈ తిప్పలన్నీ ఎందుకొచ్చాయి? పెట్టినవాడు ఏది ఎక్కడ కలిపాడో రాసి ఉంచలేదు. నువ్వు కనుక్కున్న ప్రతి వైరుకూ పేరు రాసి అంటించు. ఏ రంగు వైరు ఎక్కడి నుంచి ఎక్కడికో, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లో కాగితం మీద గీసి ఆర్‌సీతో పాటు పెట్టుకో. రేపు బండి అమ్మేటప్పుడు తాళాలతో పాటు ఆ కాగితం కూడా కొన్నవాళ్ల చేతిలో పెట్టు తల్లీ.